కాయిన్ సరే, తాళం ఎవరి దగ్గర?

ఉస్మానియా క్యాంపస్ హాస్టళ్లలో గానీ, తార్నాక టీ కొట్ల దగ్గర గానీ, మల్కాజ్‌గిరి రైల్వే ఉద్యోగుల ఇళ్లలో గానీ క్రిప్టో మాట వచ్చిందంటే ముందుగా వినిపించే ప్రశ్న ఏ కాయిన్ కొనాలి, ఎప్పుడు కొనాలి అన్నదే. కొత్తగా దిగేవాళ్లు అంతకన్నా ముందు అడగాల్సినది మరొకటి ఉంది: కొన్న తర్వాత ఆ కాయిన్ ఎవరి చేతిలో ఉంటుంది? ధర పడితే నష్టం కంటికి కనిపిస్తుంది, ఆగితే కోలుకునే అవకాశమైనా ఉంటుంది. బిట్‌కాయిన్ 2021 నవంబరులో 69 వేల డాలర్ల దాకా ఎక్కింది, ఏడాది తిరిగేసరికి 16 వేల దిగువకు జారింది, 2025 అక్టోబరులో లక్షా 26 వేలకు చేరింది. మధ్యలో గుండె దిటవు చేసుకుని కూర్చున్నవాళ్లు బయటపడ్డారు. దాచిన చోటే సరుకు పోయినవాడికి మాత్రం ఎంత ఓపిక ఉన్నా చేసేదేమీ ఉండదు.

దీనికి రుజువు కోసం దూరం పోనక్కర్లేదు. 2019 నవంబరు 22న మన హైదరాబాద్ సంస్థ కార్వీ స్టాక్ బ్రోకింగ్ మీద షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఉత్తర్వులిచ్చింది. ఖాతాదారుల షేర్లను తన ఖాతాలోకి మళ్లించుకుని, బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టి అప్పులు తెచ్చుకుందన్నది అభియోగం. అప్పిచ్చిన బ్యాంకులు లబోదిబోమన్నాయి గానీ, డిసెంబరు 2 కల్లా 82,559 మంది షేర్లు వాళ్ల సొంత డీమ్యాట్ ఖాతాల్లోకి తిరిగొచ్చాయి. అంటే పది రోజులు. బ్రోకరు మంచివాడై కాదు, షేర్ల లెక్క బ్రోకరు ఒక్కడి చేతిలోనే లేకపోబట్టి. ఏ షేరు ఎవరిదో, ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో ఎన్‌ఎస్‌డీఎల్ అనే డిపాజిటరీ పుస్తకాల్లో నమోదై ఉంది. సెబీ ఆదేశం మీద వెనక్కి తిప్పే వీలూ ఉంది. అందరికీ అన్నీ వచ్చాయని కాదు, నగదు బాకీల కథ వేరే. అయినా వ్యవస్థ అంటూ ఒకటి అడ్డుపడింది.

ఇప్పుడు రెండో కేసు చూడండి. 2024 జులై 18న వజీర్ఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజీ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా, మన లెక్కలో సుమారు 2,000 కోట్ల రూపాయల విలువైన టోకెన్లను హ్యాకర్లు ఎత్తుకుపోయారు. అప్పటికి ఆ ఎక్స్ఛేంజీ దగ్గరున్న కస్టమర్ల ఆస్తుల్లో అది దాదాపు 45 శాతం. ఒకరు నొక్కితే తెరుచుకునే ఖజానా కూడా కాదది, పలువురు సంతకాలు చేస్తే గానీ కదలని వాలెట్. తెర మీద కనిపించిన లావాదేవీ ఒకటి, సంతకాలు పడింది మరొకదానికి. ఇది ఉత్తర కొరియా ముఠాల పని అని 2025 జనవరిలో అమెరికా, జపాన్, దక్షిణ కొరియా ఉమ్మడిగా ప్రకటించాయి. పోయినవి ఇథీరియం మీద నడిచే టోకెన్లు. కానీ బిట్‌కాయిన్, ఎక్స్‌ఆర్‌పీ కొని పెట్టుకున్నవాళ్ల ఖాతాలు కూడా కదలకుండా ఆగిపోయాయి. అదే ఏడాది డిసెంబరులో బిట్‌కాయిన్ లక్ష డాలర్లు దాటినప్పుడు, అంచనా అక్షరాలా నిజమైనవాడు కూడా అమ్ముకోలేక చూస్తూ ఉండిపోయాడు. మాతృ సంస్థ సింగపూర్‌ది కాబట్టి మల్కాజ్‌గిరిలో కూర్చుని డబ్బు కట్టినవాడి గతి సింగపూర్ హైకోర్టులో తేలాల్సి వచ్చింది. మళ్లీ ట్రేడింగ్ మొదలయ్యేసరికి 2025 అక్టోబరు చివరివారం. కార్వీకి పది రోజులు, దీనికి పదిహేను నెలలు.

ఆ తేడాకు కారణం సాంకేతికం కాదు. ఎక్స్ఛేంజీ యాప్‌లో మీకు కనిపించే అంకె వాళ్ల పుస్తకంలో మీ పేరున రాసుకున్న పద్దు. అసలు కాయిన్ అందరివీ కలిపిన వాలెట్‌లో ఉంటుంది, దాని తాళం వాళ్ల దగ్గర ఉంటుంది. 2025 అక్టోబరులో మద్రాసు హైకోర్టు ఒక ఎక్స్‌ఆర్‌పీ హక్కుదారు కేసులో క్రిప్టో కూడా ఆస్తేనని, మరొకరి తరఫున నమ్మకంగా అట్టిపెట్టదగినదేనని చెప్పింది. మంచి తీర్పే. కానీ ప్రతి విద్యార్థీ హైకోర్టు మెట్లెక్కి తన మూడు వేల రూపాయల కాయిన్ తెచ్చుకోగలడా?

ప్రభుత్వం పన్ను తీసుకుంటోంది, ఎక్స్ఛేంజీలు ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదవుతున్నాయి, ఇంక భయమేమిటని కొందరంటారు. ఆ నమోదు 2023 మార్చి నుంచి మనీలాండరింగ్ చట్టం కింద వచ్చింది. దొంగ డబ్బు ఆచూకీ కోసం పెట్టిందే తప్ప మీ డబ్బుకు హామీ కోసం కాదు. బ్యాంకు మునిగితే 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది, ఇక్కడ అలాంటిదేమీ లేదు. పన్ను సంగతైతే మరీ విడ్డూరం. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం, పైన సెస్సు, ఆ జులై నుంచి అమ్మకం మీద ఒక శాతం టీడీఎస్. ఒక కాయిన్‌లో లక్ష లాభం, ఇంకో కాయిన్‌లో లక్ష నష్టం వస్తే చేతికి మిగిలింది సున్నా. కట్టాల్సిన పన్ను మాత్రం సెస్సుతో కలిపి 31,200 రూపాయలు. ఒకదాని నష్టాన్ని మరోదాని లాభంలో తగ్గించుకోనివ్వరు.

అలాంటప్పుడు తాళం మన దగ్గరే పెట్టుకుందామన్నది మరో వాదన. ఇది బలమైనదే, దాని వెల తెలిసినంత వరకు. సొంత వాలెట్ అంటే 12 లేదా 24 ఇంగ్లిష్ మాటల సీడ్ ఫ్రేజ్, ఆ మాటలే తాళం. అది పోతే కస్టమర్ కేర్ లేదు, పాస్‌వర్డ్ మర్చిపోయాను అనే బటన్ లేదు. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే, వాట్సాప్‌లో తనకు తానే పంపుకుంటే, ఆ ఫోన్ చిక్కినవాడిదే ఆస్తి. బ్యాంకు ఖాతాకు నామినీ ఉంటారు, ఈ మాటలు ఎక్కడున్నాయో ఇంట్లోవాళ్లకు తెలియకపోతే మనిషితో పాటే కాయినూ పోతుంది. అందుకని నా లెక్క ఇది. పోయినా నెల గడిచిపోయేంత చిన్న మొత్తమైతే ఎక్స్ఛేంజీలో ఉంచుకోవచ్చు. అది దాటితే తాళాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచే హార్డ్‌వేర్ వాలెట్, కాగితం మీద రాసి రెండు చోట్ల భద్రం చేసిన సీడ్ ఫ్రేజ్, పంపేటప్పుడు ముందు వంద రూపాయలంత పంపి చేరిందని చూసుకోవడం. ఇంత శ్రద్ధ పెట్టలేనివాళ్లు అంత మొత్తం కొనకుండా ఉండటమే మేలు.

కాయిన్‌తో పాటు బ్యాంకు ఖాతా కూడా చిక్కుల్లో పడే దారి ఇంకొకటుంది. 2023 జులైలో హైదరాబాద్ పోలీసులు 712 కోట్ల రూపాయల మోసాన్ని బయటపెట్టారు. టెలిగ్రామ్‌లో రేటింగులిస్తే డబ్బంటూ జనం దగ్గర లాగిన సొమ్మును ఖాతాలు మార్చి మార్చి, డాలరుతో ముడిపడిన కాయిన్ అయిన యూఎస్‌డీటీగా దేశం దాటించారు. అలాంటి డబ్బు యూఎస్‌డీటీ కావాలంటే అమ్మేవాడొకడు ఉండాలి. నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయని పీటూపీలో, అంటే నేరుగా మనిషి నుంచి మనిషికి జరిగే బేరంలో, ముక్కూమొహం తెలియనివాడికి అమ్మే కుర్రాడే ఆ అమ్మేవాడు కావచ్చు. ఎక్కడో ఒక బాధితుడు ఫిర్యాదు చేస్తే ఇక్కడ ఈ కుర్రాడి ఖాతా ఫ్రీజ్ అవుతుంది. స్కాలర్‌షిప్ పడే ఖాతా కూడా అదే అయితే చెప్పేదేముంది! ఇక మనుషుల్ని చేరిస్తే కమీషన్ అనే కాయిన్లు పాత గొలుసుకట్టు స్కీములే. 2024లో నిర్మల్ జిల్లాలో యూబిట్ కాయిన్ వ్యవహారంలో ప్రభుత్వోద్యోగులు కూడా అరెస్టయ్యారు. చదువు లేక మోసపోయారనడానికి అక్కడ తావులేదు.

క్రిప్టోను నిషేధించాలని నేననను. క్రిప్టో లావాదేవీలకు బ్యాంకుల తలుపులు మూసిన రిజర్వు బ్యాంకు సర్క్యులర్‌ను 2020 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. కొనేవాళ్లు కొంటూనే ఉంటారు. 1992 సెక్యూరిటీల కుంభకోణం తర్వాత నాలుగేళ్లకు, 1996లో, డిపాజిటరీల చట్టం వచ్చింది. ఆ చట్టమే 2019లో కార్వీ ఖాతాదారులను ఆదుకుంది. క్రిప్టో బిల్లు మాత్రం 2021 శీతాకాల సమావేశాల జాబితాలో కనిపించి, సభ ముందుకే రాలేదు. పన్ను వసూలు ఆ మరుసటి ఏప్రిల్‌లోనే మొదలైంది. కస్టమర్ల కాయిన్లను ఎక్స్ఛేంజీ సొంత ఆస్తులతో కలపకుండా వేరుగా, మన దేశ కోర్టుల పరిధిలో ఉంచాలని, ఎవరివి ఎన్నో మూడో సంస్థ లెక్క చూడాలని కేంద్రం చట్టం చేయాలి. లాభంలో 30 శాతం తీసుకుంటున్న ఆర్థిక శాఖ కనీసం ఈ రక్షణల బిల్లునైనా పార్లమెంటు ముందు పెట్టాలి.