పొరపాటు పాట: నష్టము ఎవరిది?



మన కట్టంగూరు ప్రాంతపు రైతొకడు నలువది క్వింటాళ్ల సన్నవడ్లను మార్కెటు యార్డునకు తోలుకొనిపోయెను. ఆ యార్డు పేరు చెప్పుట అనవసరము. ఇట్టిది ఎక్కడనైనను జరుగవచ్చును. మధ్యాహ్నము ఆన్‌లైను వేలము ముగిసి, క్వింటాలునకు 2,430 రూపాయల ధర వచ్చినదని అతని సెల్లుఫోనునకు సందేశము అందెను. అతడు సంతోషముతో అంగీకారము తెలిపెను. కాంటా పెట్టు వేళకు ఖరీదుదారు వచ్చి, "నేను 2,340 వేయబోయి అంకెలు తారుమారు చేసితిని, నా పాటను రద్దు చేయుడు" అని కోరెను. సాయంకాలమునకు రద్దయ్యెను. అప్పటికి తక్కిన ఖరీదుదారులు ఇండ్లకు పోయిరి. ఆకాశమున మబ్బు పట్టెను. మరునాడు ఆ రైతు 2,280కి అమ్ముకొని ఇల్లు చేరెను.

ఖరీదుదారు తాను వేయదలచితినని చెప్పిన ధర కంటెను ఇది 60 రూపాయలు తక్కువ. నలువది క్వింటాళ్లకు 2,400 రూపాయలు. పొరపాటు చేసినవానికి కాసంత నష్టము లేదు. ఏ పొరపాటును చేయనివాడు మూల్యము చెల్లించెను. నా అభ్యంతరమంతయు ఇక్కడనే యున్నది.

పొరపాటును క్షమింపరాదని నేననను. చిన్ననాడు మిషను బడిలో మేము పలకపై లెక్క చేయునప్పుడు, పంతులుగారికి చూపకముందు ఎన్నిమారులైనను తుడుచుకొనవచ్చును. చూపిన పిదప తుడుచుట మాత్రము మా చేతిలో లేదు. వేలమునకును శాసనము ఇట్టి హద్దునే పెట్టినది. 1930 నాటి సరకుల విక్రయ చట్టము 64వ సెక్షను ప్రకారము, సుత్తి దెబ్బతోగాని, ఆచారమైన మరియొక విధముగా గాని అమ్మకము ముగిసినట్లు ప్రకటించువరకు పాటదారుడు తన పాటను ఉపసంహరించుకొనవచ్చును. అటుపిమ్మట ఆ స్వేచ్ఛ లేదు. 1872 నాటి ఒప్పందముల చట్టము 22వ సెక్షను, ఒక పక్షము వాస్తవము విషయమై పొరపాటుపడినంత మాత్రమున ఒప్పందము రద్దుకు పాత్రము కాదనుచున్నది.

పూర్వము రాశి చుట్టును నిలిచి నోటితో పాడునప్పుడు తప్పు పలికినవాడు రైతు ఎదుటనే సరిదిద్దుకొనెడివాడు. ఇతర ఖరీదుదారులును అక్కడనే యుండెడివారు. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన ఈ-నామ్ వంటి పద్ధతులలో పాట తెరపై జరుగును. వచ్చిన ధరను అంగీకరించుటకో, నిరాకరించుటకో రైతునకు హక్కు కలదు. ఇది గొప్ప మేలు. కాని తెరపై సుత్తి చప్పుడు వినబడదు. గడువు ముగిసి, ధర ప్రకటింపబడి, రైతు సమ్మతించిన క్షణమే మన సుత్తి దెబ్బయని అందరును గుర్తింపవలెను.

అయినను మనమును ధర్మము తప్పరాదు. 2,340కి బదులు ఒక సున్న యెక్కువై 23,400 పడినచో, అది పొరపాటని పసివానికైనను తెలియును. అట్టి ధరను పట్టుకొని వేలాడుట న్యాయము కాదు. 1939లో లండనున కుందేటి చర్మముల బేరమొకటి న్యాయస్థానమునకు వచ్చెను. చర్మమొక్కింటికి చెప్పవలసిన ధరను అమ్మకందారులు పొరపాటున పౌను తూకమునకు చెప్పిరి. అది పొరపాటని కొనువారికి తెలిసియే యుండవలెనని తలచి న్యాయమూర్తి ఆ బేరమును నిలుపలేదు. కనబడు పొరపాటు వేరు. 2,430 వంటి, ఎవరును శంకింపజాలని ధర వేరు. రెండవదానిని ఊరక రద్దు చేయనిచ్చినచో, పెద్ద ధర వేసి పోటీదారులను తొలగించి, పిదప "పొరపాటు" అనువారికి తలుపు తెరచినట్లే యగును.

కావున నా సూచనలివి. గడువు లోపల పాటను రద్దు చేసికొనవచ్చును. చివరి పది నిమిషములలో రద్దు చేసినచో, ఇతరులు మరల పాడుటకు ఇంకొక పది నిమిషములు గడువు పెంచవలెను. గడువు ముగిసిన పిదప రైతు ఎదుటనే, వ్రాతమూలకముగనే రద్దు జరుగవలెను. పొరపాటు స్పష్టమైనది కానిచో, తుదకు వచ్చిన ధరకును ప్రకటించిన ధరకును గల భేదమును ఖరీదుదారునిచేత చెల్లింపజేయవలెను. మాటిమాటికి పొరపడువారి పేళ్లు రిజిస్టరునకెక్కవలెను. తక్కిన పాటలకు మిక్కిలి మించిన అంకె పడినప్పుడు "ఇది నిజమేనా?" అని యంత్రమే మరల అడుగునట్లు చేయుట అన్నిటికంటె సులువు.

రైతు సోదరులకు ఒక మాట. లాటు నెంబరు చీటీని, ధర తెలిపిన సందేశమును డబ్బు చేతికందువరకు చెరుపకుడు. రద్దునకు సమ్మతించితినని చదువక సంతకము చేయకుడు. మన సంఘము వచ్చు సమావేశమున ఈ విషయమై తీర్మానము చేసి మార్కెటు కమిటీకి పంపునని ఆశించుచున్నాను. ఖరీదుదారుని వ్రేలు జారుటకు రైతు కళ్లము శిస్తు కట్టవలసిన పనిలేదు.