కాలిన నేలకు మొదట వచ్చే చుట్టాలు



ఆ మధ్య మేము ఒక పల్లె సంఘానికి ఆరాధనకు వెళ్ళాము. భోజనాలయ్యాక సంఘ పెద్ద ఒకాయన తమ మెట్ట చేను చూపించడానికి మమ్మల్ని వెంటబెట్టుకొని వెళ్ళారు. బోరు ఎండిపోయి నాలుగేళ్ళుగా ఆ చేనులో నాగలి పెట్టలేదట. గరిక అల్లుకొని ఉన్నది. వెంపలి, తంగేడు మోకాలెత్తు లేచాయి. గట్టు వారన రేగు కంపలు. "నేల పాడైపోయిందండి అయ్యగారూ, ఎండలు ముదిరాక ఒక అగ్గిపుల్ల గీసి శుభ్రం చేద్దామనుకుంటున్నాను" అన్నారాయన. కుమారునికి అది ఇష్టం లేదు. "నాన్నా, తొందరపడొద్దు" అంటున్నాడు. ఇంట్లో ఈ మాట మీద రెండు మూడుసార్లు గట్టిగానే వచ్చిందని తరువాత తెలిసింది. మమ్మల్ని తీర్పు చెప్పమన్నారు. అప్పటికి తోచింది చెప్పి వచ్చేశాము గాని, బస్సెక్కిన తరువాత ఒక కొండ సంగతి జ్ఞాపకం వచ్చింది.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో సెయింట్ హెలెన్స్ అనే అగ్నిపర్వతం ఉన్నది. 1980 మే 18, ఆదివారం ఉదయం 8 గంటల 32 నిమిషాలకు భూమి కంపించి, ఆ కొండ ఉత్తరపు పక్క మొత్తం జారిపోయింది. లోపలి నుండి వేడి గాలి, రాళ్ళు, బూడిద ఎగజిమ్మాయి. 57 మంది మరణించారు. దాదాపు 600 చదరపు కిలోమీటర్ల అడవి దెబ్బతిన్నది, పెద్ద పెద్ద చెట్లు పుల్లల్లా నేలకొరిగాయి. కొండ ఎత్తు 400 మీటర్లు తగ్గిపోయింది. దాని పాదాన ఒక మైదానం మీద బూడిద రాయి మందంగా పరుచుకొని, గడ్డి పరక కూడా లేకుండా పోయింది.

ఆ మైదానంలోకి ఒకటి రెండేళ్ళకే ఒక మొక్క వచ్చింది. పేరు లూపిన్. జానెడు మొక్క, ఊదా రంగు పూలు. మన పెసర, మినుము, జనుము, వెంపలి ఏ కుటుంబమో ఇదీ అదే కుటుంబం. వేర్లకు బుడిపెలుంటాయి, వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు పెడతాయి. బూడిదలో నత్రజని లేదు గనుక తన ఎరువు తానే తెచ్చుకొనే మొక్క అక్కడ నిలిచింది. అది చచ్చి కుళ్ళిన చోట గుప్పెడు మట్టి తయారైంది. గాలికి కొట్టుకొచ్చిన గడ్డి విత్తనాలు ఆ మట్టిలో పట్టుకున్నాయి. అయితే ఈ పని సాఫీగా సాగలేదు. గొంగళి పురుగులు పడి లూపిన్‌ను చాలాచోట్ల తినేశాయి, వ్యాపించడం ఆలస్యమైంది.

ఇంకొక విచిత్రమున్నది. పేలుడు నాడు నేల లోపల బొరియల్లో ఉన్న గోఫర్లు అనే ఎలుక జాతి జంతువులు కొన్ని బతికి బయటపడ్డాయి. అవి తవ్వుతూ అడుగున ఉన్న పాత మట్టిని బూడిద మీదికి తెచ్చాయి. 1983లో శాస్త్రజ్ఞులు కొన్ని గోఫర్లను తెచ్చి, బోసిగా ఉన్న చిన్న చిన్న మడుల్లో ఒక్కరోజు మాత్రం వదిలారు. ఆరేళ్ళకు ఆ మడుల్లో 40,000 పైగా మొక్కలున్నాయి. చుట్టుపక్కల నేల ఇంకా చాలావరకు బోసిగానే ఉన్నది. పంట కొరికే ఎలుకను చూస్తే మనకెంత కోపమో! ఆ దేశపు రైతులకూ గోఫరంటే అంతే.

1982లోనే అమెరికా ప్రభుత్వం అక్కడ 1,10,000 ఎకరాలను ప్రత్యేకించి, నేల తనంతట తాను ఎలా కోలుకుంటుందో చూడడానికి విడిచిపెట్టింది.

ఇప్పుడు మన పెద్దాయన చేను దగ్గరకు వద్దాము. అక్కడ అగ్నిపర్వతమేమీ పేలలేదు. మట్టి ఉన్నది, వేర్లున్నాయి, విత్తనాలున్నాయి, కాబట్టి పని ఇంకా త్వరగా సాగుతుంది. గరిక మట్టిని పట్టి ఉంచుతుంది. వెంపలి నత్రజని కూడబెడుతుంది. మేకలు ముట్టని తంగేడు నేలకు నీడనిస్తుంది. పిట్టలు వేసిన గింజ రేగు ముళ్ళ నడుమ మొలిస్తే దాన్ని ఏ మేకా అందుకోలేదు. ఆ రోజు కుమారుడు కంప పక్కకు జరిపి మాకొక వేప మొక్కను చూపించాడు. బెత్తెడుంది. నిప్పు పెడితే నాలుగేళ్ళు కూడిన నత్రజనిలో చాలా భాగం పొగతో పోతుంది, ఆ వేప మొక్కా పోతుంది.

అలాగని వచ్చినదల్లా మంచిదని మేమనడం లేదు. సర్కారు తుమ్మ, వయ్యారిభామ పరాయి దేశాల నుండి వచ్చినవి. ఇవి ఒకసారి పాతుకుంటే వెనుక వచ్చేవాటికి చోటివ్వవు. వీటిని చిన్నప్పుడే వేరుతో పెరకాలి. వయ్యారిభామను పూతకు రాకముందే, చేతికి గుడ్డ చుట్టుకొని మరీ పెరకాలి, ఒంటికి దురద పుడుతుంది.

ఈ సంగతులన్నీ ఉత్తరం వ్రాసి పంపాము. వారం క్రితం కుమారుని వద్ద నుండి జవాబు వచ్చింది. తండ్రి పూర్తిగా ఒప్పుకోలేదట. ఇంటి పక్కనున్న సగం చేనులో తొలకరికి వెంపలిని కలియదున్ని కంది వేస్తారట. మిగతా సగం మరి మూడేళ్ళు కుమారుని ఇష్టానికి వదిలారు. అందులో రెండు సర్కారు తుమ్మ మొక్కలు కనబడితే పెద్దాయనే గడ్డపార తీసుకొని వెళ్ళి తవ్వారట.