కుంచం మారిస్తే ధాన్యం పెరిగినట్టా?

బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో రెండు పార్టీలు తయారు. ఒక పార్టీ: "తుఫానులు ఏటికేడు భీకరమైపోతున్నాయి, ఇదిగో గ్రాఫు". రెండో పార్టీ: "అంతా ఒట్టిది. 1977లో దివిసీమ మునగలేదా?". ఈ రెండూ నన్ను సమానంగా విసిగిస్తాయి. ఎందుకంటే రెండిట్లోనూ ఉన్నది మనోళ్ళే. పొద్దస్తమానం లాగులూ డాష్‌బోర్డులూ చూసి బతికే జనం!

మా పాత ప్రాజెక్టులో ఓసారి మానిటరింగ్ టూలు మార్చారు. మర్నాటి నుంచీ ఎర్రర్లు మూడింతలు. సర్వర్లు చచ్చాయని ఒకటే గగ్గోలు. తీరా చూస్తే పాత టూలు అయిదు నిమిషాలకోసారి తొంగిచూసేది, కొత్తది నిమిషానికోసారి చూస్తోంది. అంతే. తుఫానుల రికార్డులదీ ఇదే కథ.

అసలు సముద్రం మధ్యలో తుఫాను గాలిని ఎవరు కొలుస్తున్నారు? అట్లాంటిక్‌లో అమెరికా వాళ్ళు విమానాలు పంపుతారు. పశ్చిమ పసిఫిక్‌లో ఆ పని 1987లో ఆపేశారు. మన సముద్రంలో ఆ అలవాటే లేదు. మనకున్నది 1970లలో వెర్నన్ డ్వొరాక్ తయారుచేసిన పద్ధతి. ఉపగ్రహ చిత్రంలో మబ్బుల ఆకారం, కన్ను చూసి 1 నుంచి 8 దాకా ఒక అంకె ఇస్తారు, అర చొప్పున. ఆ అంకె నుంచి గాలివేగం. అంటే అది కొలత కాదు, అంచనా. పనికొచ్చే అంచనాయే, కాదనను. కానీ దాని మెట్టు చూడండి. 6 నుంచి 6.5కి వెళితే గాలివేగం గంటకు సుమారు 22 కిలోమీటర్లు పెరుగుతుంది. భూమి 2 డిగ్రీలు వేడెక్కితే తుఫాను గాలి పెరుగుతుందని శాస్త్రవేత్తలు అంచనా వేసేదేమో సుమారు 5 శాతం. 200 వేగానికి 10. మనం వెతికే మార్పు మన స్కేలు మీద అరమెట్టు కూడా కాదు!

"చాలా తుఫానుల సగటు తీస్తే సరి" అంటారా? నిజమే, అటూ ఇటూ పడే తప్పులు సగటులో కొట్టుకుపోతాయి. ఒకే వైపు లాగే తప్పు మాత్రం పోదు. 1998లో మీటియోశాట్-5ని మన సముద్రం పైకి జరిపారు. అంతకుముందు ప్రపంచ రికార్డులకు దొరికిన చిత్రాలు చాలావరకు పక్కనుంచి, ఏటవాలుగా తీసినవి. 1970 భోలా తుఫాను 3 నుంచి 5 లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. దానికి అధికారిక తీవ్రత అంకే లేదని 2006లో లాండ్సీ బృందం ఎత్తిచూపింది. పాతవాటిని తక్కువగా రాసుకుని, కొత్తవాటిని సరిగా చూసి, "పెరిగాయి" అంటే ఎలా?

రెండో పార్టీ వాళ్ళు అప్పుడే చప్పట్లు కొట్టకండి. రికార్డు బాగోలేదంటే మార్పు లేదని అర్థం కాదు. డేటా మీద కోపంతో ప్రశ్ననే పారేస్తే ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టే. తీవ్ర తుఫానులు దాదాపు రెట్టింపయ్యాయని 2005లో వెబ్‌స్టర్ బృందం రాసినప్పుడు వచ్చిన అభ్యంతరాలకు కాసిన్ బృందం చేసిన పని చూడండి. కొత్త ఉపగ్రహాల మంచి చిత్రాల్ని కావాలనే పాతవాటి స్థాయికి మసక చేశారు. 8 కిలోమీటర్ల స్పష్టత, మూడు గంటలకో చిత్రం. అన్నిటినీ మనిషి చెయ్యి పడకుండా ఒకే అల్గారిదంతో చదివించారు. అందరికీ ఒకే కుంచం! 1982-2009 లెక్కలో ప్రపంచం మొత్తమ్మీద పెరుగుదల బలహీనంగానే కనబడింది. లెక్కను 1979-2017కి పొడిగిస్తే, పెద్ద తుఫానుల వాటా పెరిగిందని 2020లో తేలింది. అది కాకతాళీయం అనుకోడానికి వీల్లేనంత స్పష్టంగా. మొదటి పార్టీ చెప్పింది చివరికి నిజానికి దగ్గరే, కానీ వాళ్ళు చూపించే గ్రాఫు వల్ల కాదు.

ఇక చావుల లెక్కతో బలాన్ని కొలిచేవాళ్ళకో దణ్ణం. 1999లో ఒడిశా సూపర్ సైక్లోన్‌కి దాదాపు 10,000 మంది పోయారు. 2013లో అదే రాష్ట్రానికి ఫైలిన్ వస్తే పదుల్లోనే. తగ్గింది గాలి ఒక్కటే కాదు, జనాన్ని ముందే ఖాళీ చేయించారు. ఆ ఫైలిన్ గాలి మన వాతావరణ శాఖ లెక్కలో 215 కిలోమీటర్లు, అమెరికా వాళ్ళ లెక్కలో 260. ఇక్కడ మూడు నిమిషాల సగటు, అక్కడ ఒక నిమిషం సగటు. తేడా మొత్తం దానివల్లే కాదనుకోండి. అయినా యూనిట్ చూడకుండా రెండు కాలమ్‌లు కలిపే కుర్రాడి కోడ్‌ని మీరు రివ్యూలో పాస్ చేస్తారా?

ఇదంతా పండితుల తగవులే అని వదిలేయకండి. విశాఖలో భవనం కట్టేవాళ్ళు కోడ్ ప్రకారం లెక్కవేసుకునే ప్రాథమిక గాలివేగం సెకనుకు 50 మీటర్లు. అలాంటి అంకెలు పాత రికార్డుల్లోంచే పుడతాయి. రాబోయే 50 ఏళ్ళకు అది చాలుతుందా అన్నది వాట్సాప్‌లో తేలదు. ఉత్తర హిందూ మహాసముద్రంలో ఏడాదికి సగటున అయిదు తుఫానులు. ఇంత చిన్న శాంపిల్‌లో ఒక్క పాత చిత్రం కూడా పారేసుకోలేం. ఇన్‌శాట్ తొలినాళ్ళ నుంచీ దొరికే ప్రతి చిత్రాన్నీ ఒకే పద్ధతిలో మళ్ళీ చదివించి, ఫలితాలు అందరికీ తెరిచి పెట్టాలి. అడగాల్సింది అది.

ఈసారి గ్రాఫు ఫార్వర్డ్ అయినప్పుడు లైకు కొట్టేముందు మూడు ప్రశ్నలు వేయండి. ఏ పరికరం? ఎన్ని నిమిషాల సగటు? మధ్యలో కుంచం మారిందా? జవాబు రాకపోతే ఆ గ్రాఫు ఏ పార్టీదైనా సరే, డిలీట్ కొట్టండి.