ద్రాక్షతోట పేరు, రైతు పేరు

ఫ్రాన్సు దేశపు పల్లెలలో ద్రాక్షాసవమును రుచిచూచుట యొక వేడుక. పట్టణవాసులు సెలవుదినమున తోటలకు బోయి, రైతు నేలమాళిగలో పీపాల నడుమ నిలిచి, గాజుగిన్నెలో రెండు గ్రుక్కలు పోయించుకొందురు. ముందు రంగు, పిదప వాసన చూతురు. తుదకు నోట బోసికొని, నాలుకపై నిలిపి, పెక్కుమంది ఉమిసివేయుదురు. మ్రింగుచు బోయినచో నాలుగవ తోట చేరునప్పటికి నాలుకకు తెలివి యుండదు గదా! మద్యపానమును మెచ్చుటకై మేమీ సంగతి యెత్తుకొనలేదు. ఆ దినమంతయు వారడుగు ప్రశ్నలే మాకు ముఖ్యము. ఇది యే వాలున పండినది? ఏ యేటి పంట? నేల సున్నపుదా, గులకదా? బదులు చెప్పువాడు దళారి కాడు, పండించిన రైతు. ధర చెప్పువాడును అతడే.

ఇట్టి ప్రశ్న మన హైదరాబాదు ద్రాక్షను గూర్చి యెవరైన నడిగిరా? 1890 ప్రాంతమున అబ్దుల్ బాకర్ ఖాన్ యిచట ప్రవేశపెట్టిన అనాబ్-ఎ-షాహి, అనగా రాచద్రాక్ష, దేశమంతట పేరొందినది. గింజగల పెద్దపండు, ముఖ్యముగా తినుటకు తగినది. ఫ్రెంచి రైతు తీగను ఏటికొకమారు శీతకాలమున కత్తిరించును. మనవారు పందిరి వేసి, వేసవిలో నొకమారు, అక్టోబరు ప్రాంతమున నొకమారు కత్తిరింతురు. కష్టమున మనవారికి తక్కువ లేదు. ఐనను పండునకు పేరు వచ్చినది గాని పండించిన యూరికి రాలేదు.

కారణము కొత్తపేటలో చూడవచ్చును. దిల్‌సుఖ్‌నగరుకును ఎల్.బి. నగరుకును నడుమ గడ్డిఅన్నారము పండ్లమార్కెట్టు 1986 మొదలు నడచినది. ద్రాక్ష, బత్తాయి, మామిడి అచటికే చేరెడివి. కొనువాడు పండు పరిమాణము, రంగు చూచి ధర పాడును. ఏ రైతుది, ఏ నేలది యను మాట యుండదు. 2021లో ఆ మార్కెట్టు విజయవాడ బాటమీది బాటసింగారమునకు తరలినది. పాతచోట ఆసుపత్రికి 2022లో శంకుస్థాపన జరిగినది. చోటు మారినది, వేలపు పద్ధతి మారలేదు.

ఎకరముల లెక్క పోయి గజముల లెక్క వచ్చినపుడు ఏ పందిరియు నిలువదని కొందరందురు. అది కొంతవరకు నిజమే. కాని బర్గండీలో కొన్ని వాలులమీది తోటభూమి యిండ్లస్థలముకన్న విలువైనది. ఆ నేల పేరు సీసాపై నుండుటయే హేతువు.

ఆ పేరు వారికి ఊరక రాలేదు. 1860 తరువాత ఫిలాక్సెరా యను పురుగు వారి తోటలను వేరుతో నాశనము చేసినది. పిదప దిగుబడి మించి, కల్తీ పెరిగి ధర పడిపోయినది. 1901లో మరౌసాన్ గ్రామపు రైతులు సహకార సంఘముగా జేరి, తమ యాసవమును పారిసులోని వినియోగదారుల సంఘములకు నేరుగా నమ్మిరి. 1905లో జాన్ జోరెస్ ఆ యూరికి వచ్చి చూచెను. 1907లో లక్షలాది జనులు వీథులకెక్కగా, ప్రతి రైతును తన పంటను ప్రకటింపవలెనను శాసనము వచ్చినది. నేల పేరునకు రక్షణగా 1935లో మరియొక శాసనము పుట్టినది. మన దేశములోను అట్టి చట్టము కలదు: బనగానపల్లె మామిడికి 2017లో, తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది.

అబ్దుల్లాపూర్‌మెట్టు, ఇబ్రహీంపట్నము ప్రాంతములలో నింకను పండ్లతోటలు పెట్టినవారికి మేము చెప్పునది స్వల్పము. ప్రతి పెట్టెమీదను ఊరు, రకము, కోసిన తేది వ్రాయుడు. కోతలనాడు వనస్థలిపురము, ఎల్.బి. నగరువారిని తోటకు పిలిచి, తీగమీది పండు కోయించి రుచి చూపుడు. రాజేంద్రనగరు ద్రాక్ష పరిశోధన క్షేత్రమున నిట్టి యుత్సవము జరిపియున్నారు, జనము వచ్చుచున్నారు. ఒక్క రైతు వలన గాదు, పదిమంది కలిసినచో నగును. పెట్టెల చీటీలకగు ఖర్చును సంఘమే భరించునా, సభ్యులు పంచుకొందురా యనునది మాఘమాసపు కోతకు ముందే సర్వసభ్య సమావేశమున తేల్చుకొనవలయును.