రక్తపరీక్షతో కత్తియుద్ధం తేలదు

స్టార్ వార్స్ అభిమానుల్లో ఒక వాదం ఎంతకీ చావదు. అనాకిన్ రక్తంలో మిడిక్లోరియన్లనే సూక్ష్మజీవుల లెక్క 20,000 దాటింది, జెడై యోధుల పెద్ద గురువు యోడాకే అంత లేదు, అలాంటివాడు 2005 సినిమాలో తన గురువు ఓబీ-వాన్ చేతిలో ఓడటమేమిటి, కథ కోసం ఓడించారంతే అని. 1999 సినిమాలో జరిగిన ఆ రక్తపరీక్ష చెప్పింది పిల్లవాడికి ఫోర్స్ అనే అతీత శక్తి ఎంత పలుకుతుందో. కత్తి ఎలా తిప్పుతాడో కాదు. మంత్రంతో వేసేది అస్త్రం, చేత పట్టి కొట్టేది శస్త్రం అని మనవాళ్లు రెండు మాటలు ఊరికే పెట్టుకోలేదు.

నా మాట వద్దు, 2002 సినిమా చివర చూడండి. విలన్ డూకు మెరుపులు కురిపించి అనాకిన్‌ను గోడకేసి కొడతాడు. ఓబీ-వాన్‌ను కత్తితోనే పడగొడతాడు. మళ్లీ లేచొచ్చిన అనాకిన్ కుడిచెయ్యి నరికేస్తాడు. అప్పుడు యోడా వస్తాడు. డూకు యంత్రాలు విసురుతాడు, పైకప్పు కూలుస్తాడు, మెరుపులు వదులుతాడు. యోడా అన్నిటినీ తిప్పికొడతాడు. ఇక డూకే అంటాడు, ఈ పోరు ఫోర్స్ విద్యతో తేలేది కాదు, లైట్‌సేబర్ అనే కాంతి కత్తి పనితనంతోనే తేలాలని. పాత్ర నోటే చెప్పించాక ఇంకా రక్తం లెక్కలెందుకు?

ఇక 2005 సినిమాలో అనాకిన్ ఓడిన ముస్తఫార్ గ్రహానికి వద్దాం. ఓబీ-వాన్ ఒడ్డున మెరక మీద నిలబడి, దూకొద్దని హెచ్చరిస్తాడు. అనాకిన్ దూకుతాడు. గాల్లో ఉన్నవాడికి కాలు మోపే చోటేదీ? క్షణంలో రెండు కాళ్లూ, ఎడమ చెయ్యీ తెగిపడతాయి. మిగిలిన లోహపు చేత్తో నల్లటి ఇసుకను గీరుకుంటూ పైకి పాకబోతాడు. 'మరి 1999లో డార్త్ మాల్ మీదికి కిందనుంచి ఎగిరి ఓబీ-వాన్ గెలవలేదా?' అంటారు. గెలిచాడు. అందుకే, ఎగిరొచ్చేవాణ్ణి ఎక్కడ కొట్టాలో ఆయనకు తెలుసు. పైగా శిష్యుడికి ఏళ్ల తరబడి విద్య నేర్పింది తానే.

ఫోర్స్ దండగ అనడం లేదు. జరగబోయేది అనాకిన్‌కు ముందే కనిపిస్తుందని ఓబీ-వాన్ గురువు క్వై-గాన్ అదే 1999 సినిమాలో చెప్పాడు. కాని బంతి ఎక్కడ పడుతుందో తెలిసినవాడల్లా సిక్సర్ కొట్టలేడు, దానికి చెయ్యి ఆడాలి. ఫోర్స్ చుక్కైనా లేని సేనాని గ్రీవస్‌కు డూకు కత్తి నేర్పితే, చంపిన జెడైల లైట్‌సేబర్లు దాచుకునేంత వాడయ్యాడు.

2015 సినిమాలో కత్తి విద్య నేర్వని రే, విలన్ కైలో రెన్‌ను ఓడించిన సంగతి అడుగుతారని తెలుసు. కైలో రెన్ అప్పటికే చూబాకా దెబ్బ తిని, పక్కటెముకల దగ్గర నెత్తురోడుతున్నాడు. రే జక్కూ గ్రహం మీద కర్ర పట్టి పెరిగిన పిల్ల. ఇవి చాలావరకు లెక్క సరిచేస్తాయి. అయినా కొండ అంచున ఆమె కళ్లు మూసుకుని తెరవగానే పోరు తిరగబడుతుందే, ఆ ఘట్టానికి నా దగ్గర జవాబు లేదు. అది రక్తం లెక్కలు చెప్పేవాళ్లకే వదిలేస్తున్నాను.