కొడుకుకు గల్ఫ్ దూరం కాదు, బిడ్డకు ఇస్రో దూరమా?

ఇస్రో 2019లో ‘యువిక’ మొదలుపెట్టింది. తొమ్మిదో తరగతి పిల్లలకు ఎండాకాలం సెలవుల్లో రెండు వారాల సైన్స్ తాలీమ్. ఉండటం, తినటం, పుస్తకాలు అన్నీ ముఫ్త్.

మన మొహల్లాల్లో మాత్రం ఒకటే బహానా: ‘ఆడపిల్లను అకేలీ ఎట్ల పంపుతం?’ అకేలీ ఎందుకు? దింపి, మళ్లీ తీసుకొచ్చే అబ్బాకో అమ్మీకో కూడా రైలు కిరాయి ఇస్రోనే ఇస్తుంది. కేంద్రాల్లో హైదరాబాద్ కూడా ఉంది.

రెండోది మాయూసీ: ‘మనోళ్లకు ఎవరిస్తరు?’ ఎంపికలో సగం వెయిటేజీ ఎనిమిదో తరగతి మార్కులది. పంచాయతీ ఊరి బడిలో చదివితే ఇంకో 15 శాతం. ఇంద్రవెల్లిలో, మానకొండూరులో చదివే మన పిల్లల హక్కు అది.

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఇరవై ఏళ్ల కొడుకును కర్జ్ చేసి మరీ గల్ఫ్‌కు సాగనంపుతాం. అప్పుడు దూరం గుర్తుకు రాదు. బిడ్డ దర్ఖాస్తు దగ్గరికొచ్చేసరికి ఇజ్జత్ అడ్డొస్తుంది!

దర్ఖాస్తులు ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిలో ఆన్‌లైన్లో తీసుకుంటారు. బిడ్డకు తొమ్మిదో తరగతి మళ్లీ రాదు. సెలెక్ట్ కాకపోతే పోయేదేమీ లేదు. దర్ఖాస్తే పెట్టనియ్యకపోతే, ఆమెను ఫెయిల్ చేసింది వాలిదైనే.