ఆరోగ్య విషయములు: సొరియాసిసు, కీళ్ళవాపు

మోచేతులపైనను, మోకాళ్ళపైనను, తలలోను ఎఱ్ఱని మచ్చలు లేచి, వానినుండి వెండివన్నె పొలుసులు రాలుచుండు వ్యాధిని సొరియాసిసు అందురు. దీనిని తామర యని భ్రమించి, వ్యాధిగల కోడలికి వేఱు కంచము, వేఱు చాప యేర్పఱచు గృహములు నేటికిని గలవు. ఇది యంటువ్యాధి కాదు. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి చర్మముపై తిరుగబడుటచే, సుమారు నెలదినములకు మాఱవలసిన పైచర్మము కొలది దినములలోనే పెరిగి రాలిపోవును. ఒకే కంచమున భుజించినను, ఒకే పడకపై పరుండినను ఇది సోకదు.

అయితే, ఇది చర్మముతోనే నిలిచిపోవునని తలంపరాదు. ఈ వ్యాధిగలవారిలో నూటికి 30 మంది వఱకు కీళ్ళవాపు కలుగవచ్చును. పెక్కుమందికి మచ్చలు కనుపించిన అనేక సంవత్సరములకు గాని కీళ్ళు చెడవు. అందుచే రెంటికిని గల సంబంధము తోచక, వయసుతో వచ్చిన వాతమని సరిపెట్టుకొందురు. దాని గుర్తులివి: ఉదయము లేవగానే కీళ్ళు అరగంటకు మించి బిగిసియుండుట, వ్రేలు మొదలునుండి కొనవఱకు ఉబ్బుట, గోళ్ళపై సూదితో పొడిచినట్లు గుంటలు పడుట, మడమనొప్పి, విశ్రాంతిచే హెచ్చి, కదలాడగా తగ్గు నడుమునొప్పి. ఇట్టివి కనుపించినచో కీళ్ళ వైద్యునికి చూపవలయును. రూమటాయిడు రక్తపరీక్షలో దోషము లేదని నిశ్చింతగా నుండరాదు. ఈ వ్యాధిలో నది సాధారణముగా బయటపడదు. ఒకసారి చెడిన కీలు తిరిగి బాగుపడుట కష్టము గనుక ఆలస్యము తగదు.

మచ్చలు కొలదిగా నున్నచో పూతమందులు చాలును: చర్మమును మెత్తపఱచు లేపనములు, తారు, విటమిన్ డి జాతి మందులు, మితముగా స్టీరాయిడు. హెచ్చుగా నున్నచో వైద్యుని పర్యవేక్షణలో అతినీలలోహిత కాంతి నిత్తురు. కీళ్ళు వాచినప్పుడు ఇవి చాలవు. మెథోట్రెక్సేటు వంటి మందులు కావలయును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలయందు నడిపిన పరిశోధనల నుండియే ఈ జాతి మందులు పుట్టినవి. ఆయన 1948లో గతించిరి. వానిలో నొకటియైన అమినోప్టెరిను సొరియాసిసును తగ్గించుచున్నదని 1951లో వైద్యులు ప్రకటించిరి.

ఇంటిలో మందులందించు స్త్రీలు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన దొకటి కలదు. ఈ వ్యాధికి మెథోట్రెక్సేటును వారమునకు ఒక్క దినము మాత్రమే యిత్తురు. పొరపాటున ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము. ఏ వారమున నియ్యవలయునో వైద్యునిచేతనే చీటీపై వ్రాయించుకొనుడు. కాలేయమునకును, రక్తమునకును పరీక్షలు మానరాదు. గర్భవతులకు ఈ మందు కూడదు; గర్భము కోరు స్త్రీ సిగ్గుపడక ముందుగనే వైద్యునితో చెప్పవలయును.

వీనికిని లొంగనిచో, 2002 నుండి కీళ్ళకు వాడుకలోనికి వచ్చిన బయలాజిక్ సూదిమందులు కలవు. అవి యారంభించుటకు ముందు క్షయరోగ పరీక్ష చేయింతురు. మూడు వారములలో సమూలముగా పోగొట్టెదమను ప్రకటనలను నమ్మవలదు. అట్టి పొట్లములలో స్టీరాయిడు కలిసియున్నచో, మానిన వెంటనే వ్యాధి రెట్టింపుగా తిరుగబడవచ్చును. ఈ వ్యాధి సమూలముగా పోవు మందు లేకున్నను, సకాలమున చికిత్స జరిగినచో అదుపులోనుండును, వ్రేళ్ళు వంగిపోకుండును, కోడలు పదిమందితో కూర్చుండి భుజించును.